నాటు పెట్ట పదే పదే పొదగడానికి కూర్చుంటుంటే ఏం చేయాలి?

విజయనగరం జిల్లా చీపురుపల్లి వైపు నుంచి ఒకాయన అడిగిన సంగతి ఇది. పెరట్లో ఆరు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. సంక్రాంతి దాటినప్పటి నుంచి మూడు పెట్టలు ఒకదాని వెనక ఒకటి పొదగడానికి కూర్చున్నాయి. ఇంట్లోకి గుడ్డు అన్నదే రావడం లేదు. చెరువు నీళ్లలో ముంచి వదిలినా ఒళ్లు ఆరగానే మళ్లీ అదే మూలకి పోతున్నాయట. అందులో ఎర్ర పెట్ట మరీ మొండిది. కింద గుడ్లు లేకపోయినా వట్టి గడ్డి మీదే కూర్చుంటోంది, చెయ్యి పెడితే పొడుస్తోంది, పొట్ట కింద ఈకలు ఊడి చర్మం కనబడుతోంది. ఇది జబ్బా, మందేమైనా ఉందా, లేక సంతలో అమ్మేయడమే మేలా అని అడుగుతున్నారు.

జబ్బు కాదండి, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఈకలు ఊడటం కూడా మామూలే. గుడ్డుకి ఒంటి వేడి నేరుగా తగలాలని పెట్ట తన పొట్ట కింద ఈకల్ని తనే పీక్కుంటుంది. పొదిగే రోజుల్లో పెట్ట ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది పెరిగితే గుడ్లు తయారయ్యే సంచి ముడుచుకుపోతుంది, మేత మీద ధ్యాస తగ్గుతుంది, తురాయి పాలిపోతుంది. చీకటిగా ఉన్న మూల, కింద మెత్తటి గడ్డి, పొట్టకి తగిలే గుడ్లు, ఈ మూడూ ఆ హార్మోన్‌ని ఇంకా పెంచుతాయి. అందుకే కూర్చున్న కొద్దీ పట్టుదల ఎక్కువవుతుంది. మందు వేసి తగ్గించేది కాదు. ఆ మూడింటినీ తీసేస్తే దానంతట అదే తగ్గుతుంది.

అయితే పెట్టని ఎలా లేపాలి అనే ముందు, దీని నుంచి మీకు కావలసింది గుడ్లా, పిల్లలా అన్నది తేల్చుకోండి. పెట్ట గూటిలో కూర్చున్న మొదటి రాత్రే తేల్చుకుంటే ఇంకా మంచిది. మన ఊళ్లలో ఎక్కువ మంది చేసేది ఏమిటంటే, చూద్దాంలే అని వారం వదిలేస్తారు, తర్వాత విసుగొచ్చి నీళ్లలో ముంచుతారు, అది మళ్లీ కూర్చుంటే పోనీలే అని నాలుగు పాత గుడ్లు కింద పెడతారు. అవి మురిగిపోతాయి. నెలన్నర గడిచాక చేతికి గుడ్లూ రావు, పిల్లలూ రావు, పెట్ట మాత్రం సగం అయిపోతుంది.

లెక్క చూడండి. నాటు పెట్ట ఒక విడతకి పన్నెండు నుంచి పదిహేను గుడ్ల వరకు పెడుతుంది. తర్వాత 21 రోజులు పొదుగుతుంది. ఆ తర్వాత పిల్లల వెనక రెండు మూడు నెలలు తిరుగుతుంది. ఇలా ఏడాదికి మూడు నాలుగు విడతలు, మొత్తం మీద 50, 60 గుడ్లు. నాటుకోడి అంటేనే అంత. దాన్ని ఎంత లేపినా ఫారం కోడిలా రోజూ గుడ్డు పెట్టదు. అసీల్ అనే పందెం కోళ్ల జాతి రక్తం ఉన్న పెట్టలైతే పొదగడంలో మరీ గట్టివి, మీ ఎర్ర పెట్ట ఆ బాపతు కావచ్చు. ఇంట్లో పిల్లలకి ఏడాది పొడవునా గుడ్డు కావాలంటే నాటు పెట్టలతో యుద్ధం చేసే బదులు రెండు గ్రామప్రియ పెట్టల్ని తెచ్చుకోవడం తేలిక. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారు చేసిన రకం అది, పొదగడం దాదాపు ఉండదు. వనరాజా కూడా అక్కడిదే, కానీ అది మాంసానికి బాగుంటుంది, గుడ్లు గ్రామప్రియ కంటే తక్కువ.

సరే, మీకున్న మూడింటిలో రెండింటినైనా లేపాలి. మూడూ ఒకేసారి పొదిగితే పిల్లల్ని కాపాడుకోవడం మీ వల్ల కాదు.

లేపడానికి నేను నమ్మేది ఒక్కటే పద్ధతి: అడుగున గాలి ఆడే గూడు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటే చాలు. అడుగున ఇనుప జాలీ గానీ, వేలెడు సందు వచ్చేలా కట్టిన వెదురు బద్దలు గానీ ఉండాలి. కాలు ఇరుక్కునేంత సందు ఉండకూడదు. గూటిని నాలుగు మూలలా ఇటుకల మీద నేల నుంచి అడుగున్నర ఎత్తులో నిలబెట్టండి. లోపల గడ్డి వద్దు, గోనె వద్దు, చీకటి మూల వద్దు. పొట్ట కింద నుంచి చల్లగాలి తగులుతుండాలి, అదే అసలు మందు. వసారాలోనో చెట్టు కిందో వెలుతురు బాగా ఉండి ఎండ పడని చోట, మిగతా కోళ్లు కనబడేలా పెట్టండి. పుంజు ఎదురుగా తిరుగుతుంటే ఇంకా మంచిది.

అందులో మేత, నీళ్లు మామూలుగా పెట్టాలి. దీని గురించి కాస్త గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే రెండు రోజులు పస్తు పెడితే దారికొస్తుందని మన పెద్దవాళ్లు చాలామంది చెబుతారు. పస్తు పెడితే పొదగడం మానేస్తుందేమో గానీ ఒంట్లో సత్తువ లేక ఈకలు రాల్చుకుంటుంది, మళ్లీ గుడ్డుకి రావడం ఇంకా ఆలస్యమవుతుంది. మీకు కావలసింది గుడ్డే కదా.

రాత్రి కూడా గూట్లోనే ఉంచండి. పగలు గూట్లో పెట్టి రాత్రి పాత మూలకి వదిలేస్తే చేసిందంతా పోతుంది. మూడు రోజులు గడిచాక నాలుగో రోజు సాయంత్రం వదిలి చూడండి. బయటికి రాగానే రెక్కలు విదిల్చి మిగతా కోళ్లతో కలిసి నేల గీరుతూ, చీకటి పడేసరికి వాటి పక్కన కర్రెక్కి కూర్చుందంటే పని అయిపోయినట్టే. అలా కాక మెడ ఈకలు ఉబ్బించుకుని కొక్ కొక్ అంటూ పాత మూలకే పరుగెత్తిందా, ఇంకో రెండు రోజులు లోపలే. కూర్చున్న ఒకటి రెండు రాత్రుల్లోనే పట్టుకుంటే మూడు రోజులకే దిగుతుంది. రెండు వారాలు ముదరనిస్తే వారం కూడా పడుతుంది.

లేచిన మర్నాడే గుడ్డు పెడుతుందనుకోకండి. ముడుచుకుపోయిన సంచి మళ్లీ పని మొదలుపెట్టాలి కదా, రెండు మూడు వారాలు పట్టడం మామూలే. తురాయి మళ్లీ ఎర్రబడితే గుడ్డుకి దగ్గరపడినట్టు గుర్తు. ఈలోగా నూకలు, తవుడుతో పాటు కాస్త చేపల పొడి, ఆకుకూర పడేయండి. గుడ్డు పెంకులు దంచి వేస్తే ఇంకా మంచిది.

నీళ్లలో ముంచడం గురించి. మిట్టమధ్యాహ్నం ఎండలో పొట్ట వరకు తడిపితే కాసేపు ఒంటి వేడి తగ్గుతుంది, అంతవరకే. ఒళ్లు ఆరాక అదే చీకటి మూల, అదే గడ్డి కనబడితే అది మళ్లీ కూర్చోక ఏం చేస్తుంది? చలికాలం పొద్దున్న మంచులో తల వరకు ముంచితే మాత్రం కోడి పోయే ప్రమాదం ఉంది. ముక్కులో ఈక గుచ్చి వదిలే వాళ్లున్నారు. అది చేయకండి, ముక్కు పుండయ్యి మేత కూడా తినలేదు. కాలికి తాడు కట్టి ఎండలో వదిలేయడం ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర చంపడంతో సమానం.

ఇక మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోంది అన్నదానికి జవాబు మీ కోళ్ల సాలలోనే ఉంటుంది. సాయంత్రం వెళ్లి చూడండి, గుడ్లు పెట్టే మూలలో ఎన్ని గుడ్లు పోగుపడి ఉన్నాయో. పెట్ట చోటు మార్చకుండా ఒక గుడ్డు వదిలేయడం మన అలవాటు, అందులో తప్పులేదు. కానీ రోజూ తీయకపోతే నాలుగైదు పోగవుతాయి, పొట్టకి అన్ని తగిలేసరికి దానికి పొదుగు మీదకి మనసు పోతుంది. మిగతావన్నీ మధ్యాహ్నానికే తీసేయండి. చీకటి పడ్డాక టార్చి వేసి చూసినప్పుడు పెట్ట కర్ర మీద కాకుండా గూటిలో ఉందంటే, ఆ ఒక్క గుడ్డు కూడా ఆ రాత్రే తీసేసి, మూలకి తడక అడ్డం పెట్టేయండి. గడ్డివాము కింద, పశువుల సాల అటక మీద కూడా వెతకండి. ఆరు పెట్టల్లో ఒక్కటైనా దొంగచాటుగా ఎక్కడో పెడుతూ ఉంటుంది. ఒక పెట్ట కూర్చుంటే దాన్ని చూసి ఇంకోటి పక్కన చేరడం కూడా ఉంది. రెండు పెట్టలు ఒకే గూట్లో పొదిగితే గుడ్లు చితుకుతాయి, పిల్లలు పుట్టే రోజున కొట్టుకుంటాయి.

ఇప్పుడు ఎర్ర పెట్ట సంగతి. దాన్ని అమ్మొద్దు. అంత పట్టుగా కూర్చునే పెట్ట దొరకడం కష్టం. పిల్లలు తీయించే పని దానికే అప్పజెప్పండి, మిగతా వాటిని గుడ్లకి వదిలేయండి. మాఘమాసం దీనికి మంచి అదను. ఇప్పుడు దాని కింద గుడ్లు పెడితే ఎండలు ముదిరేలోపు పిల్లలు బయటికొస్తాయి, వానలు పడే నాటికి ఈకలు కట్టి గట్టిపడతాయి. దసరా దాటాక వచ్చే విజయనగరం సిరిమానోత్సవం నాటికీ, ఊరి అమ్మవారి సంబరాలకీ పుంజులు అమ్మకానికి తయారవుతాయి. ఆషాఢం, శ్రావణంలో తీయిస్తే కనుమకి అందుతాయి కానీ ఆ తడిలో సగం పిల్లలు పోయినా ఆశ్చర్యం లేదు. ఏప్రిల్, మేలో మాత్రం ఎంత మొండిగా కూర్చున్నా లేపేయండి. రేకుల షెడ్డు కింద ఆ వేడికి గుడ్లూ ఉడికిపోతాయి, పెట్టా పోతుంది.

గుడ్లు పోగు చేయడం దగ్గరే సగం మంది పోగొట్టుకుంటారు. పెట్టిన వారం రోజుల లోపు గుడ్లే వాడండి, పది రోజులు దాటినవి కూరకే. ఫ్రిజ్‌లో పెట్టినవి వద్దు. తడి ఇసుకలో సగం వరకు పాతిన మట్టికుండలో పొడి తవుడు పోసి, సన్న మొన కిందికి ఉండేలా పెడితే ఎండాకాలం ముందు కూడా చెడవు. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు గరుకుగా ఉన్నవి పక్కన పెట్టండి. మామూలు నాటు పెట్ట కిందికి పది, పన్నెండు చాలు. రెక్కల కింద నుంచి ఒక్క గుడ్డు బయటికి కనబడినా ఎక్కువైనట్టే, ఎందుకంటే రోజూ దొర్లించుకునేటప్పుడు వంతులవారీగా ఒక్కో గుడ్డూ చల్లబడుతుంది.

గుడ్లన్నిటికీ బొగ్గుతో చుట్టూ ఒక గీత గీయండి. పొదిగే పెట్ట లేచి మేతకి వెళ్లిన పావుగంటలో ఇంకో పెట్ట వచ్చి అదే గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. గీత లేనిది కనబడితే వెంటనే తీసేయవచ్చు. తీయకపోతే మిగతావి పిల్లలయ్యే నాటికి అది సగంలో ఉంటుంది, పెట్ట దాన్ని వదిలేసి పిల్లలతో వెళ్లిపోతుంది. మా వైపు గూట్లో బొగ్గు ముక్క, ఇనుప మేకు కూడా వేస్తారు, ఉరుములకి గుడ్లు చెడకుండా. దాని వల్ల నష్టమేమీ లేదు, వేసుకోండి.

చోటు మార్చాలంటే రాత్రి చీకట్లోనే మార్చాలి. పగలు మారిస్తే లేచి పాత చోటుకే పోతుంది. గంపలో కింద ఇసుక, దాని మీద వరిగడ్డి వేసి, వేపాకు కాస్త కలపండి. పిల్లి, ముంగిస, పందికొక్కు రాని గది అయి ఉండాలి. పాములకి కూడా గుడ్ల మీద ఆశ ఉంటుంది, కాబట్టి తలుపు కింద సందు కూడా మూయండి. మొదటి రోజు పైన ఇంకో గంప బోర్లిస్తే కుదురుకుంటుంది.

పొదిగే పెట్ట రోజుకి ఒక్కసారే లేస్తుంది. లేచి పెద్ద ముద్దగా, ముక్కు పగిలేంత వాసనతో రెట్ట వేస్తుంది, నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి మళ్లీ ఎక్కేస్తుంది. మీ ఎర్ర పెట్టలాంటివి అది కూడా మర్చిపోతాయి. అప్పుడు మీరే లేపాలి. ఒక్కసారిగా పైకి ఎత్తకండి. ముందు అరచెయ్యి రెక్క కిందికి పోనిచ్చి తడమండి, రెక్కకీ ఒంటికీ మధ్య ఒక గుడ్డు ఇరికించుకుని ఉంటుంది. చూసుకోకుండా ఎత్తితే అది జారి మిగతా వాటి మీద పడుతుంది, రెండూ పగులుతాయి. పగిలిన సొన మిగతా పెంకులకి అంటితే అవీ కుళ్లుతాయి. మేతగా తడి తవుడు కంటే చోళ్లు, గంటెలు, ధాన్యం లాంటి గట్టి గింజలు పెట్టండి, రెట్ట గట్టిగా ఉండి గూడు పాడవదు.

ఇంకొకటి పేలు. పొదిగే పెట్ట మట్టిలో పొర్లదు, అందుకే ఒంటి మీద పేలు, గోమార్లు విపరీతంగా పెరుగుతాయి. ఉన్నట్టుండి మంచి పెట్ట గుడ్లు వదిలేసి వెళ్లిపోయిందంటే పది సార్లలో చాలా సార్లు కారణం ఇదే. కూర్చోబెట్టే ముందే రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విడదీసి చూడండి. ఉంటే పొయ్యి బూడిద బాగా చల్లి, పాత గడ్డి తగలబెట్టి, కొత్త గడ్డి వేయండి. పెట్ట లేచి తిరిగే చోట బూడిద, పొడి మట్టి కలిపి పోసి ఉంచితే తనే పొర్లుతుంది.

ఏడో రోజు రాత్రి గుడ్లు చూడాలి. అట్టముక్కకి రూపాయి బిళ్లంత కన్నం చేసి, వెనక ఫోన్ లైటు వెలిగించి, ఆ కన్నం మీద గుడ్డు ఆనించండి. ఎర్రటి సన్న నరాలు సాలెగూడులా కనబడి మధ్యలో నల్లటి చుక్క కదులుతుంటే పిల్ల ఉన్నట్టు. అంతా తేటగా వెలుగు దూసుకొస్తే అది గొడ్డు గుడ్డు, తీసేయండి. సగానికి పైగా ఇలాగే ఉంటే తప్పు పెట్టది కాదు, మీ పుంజుకి వయసు మీరిందేమో చూసుకోండి. 21 రోజులకి పిల్లలు రావాలి, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. 23 దాటినా ఏమీ రాకపోతే ఇంక ఉంచకండి. వట్టి గుడ్ల మీద నెలల తరబడి కూర్చుని ఎండిపోయే పెట్టలున్నాయి, పుట్టని పిల్లల కోసం అవి లేవవు, మనమే లేపాలి.

గుడ్లు దొరక్కపోయినా, పొదిగినవి చెడిపోయినా ఇంకో దారి ఉంది. రెండు మూడు వారాలుగా కూర్చుని ఉన్న పెట్ట కింద రోజు వయసున్న గ్రామప్రియ పిల్లల్ని రాత్రి చీకట్లో ఒక్కొక్కటిగా దూర్చండి, గుడ్లు తీసేస్తూ. తెల్లారేసరికి తన పిల్లలే అనుకుంటుంది. పొద్దున్న మొదటి గంట దగ్గరుండి చూడండి, పొడిస్తే వెంటనే తీసేసి బల్బు కింద పెట్టుకోవాలి. లైటు, కరెంటు గొడవ లేకుండా పిల్లల్ని పెంచడానికి ఇంతకంటే చవకైన ఏర్పాటు లేదు. తుపాను రోజుల్లో మన జిల్లాలకి కరెంటు ఎన్ని రోజులు పోతుందో మీకు చెప్పక్కర్లేదు. పిల్లలు ఎక్కడ దొరుకుతాయో మీ ఊరి పశుసంవర్ధక సహాయకుణ్ణి అడగండి. మీకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గరే, అక్కడ కూడా చెబుతారు.

పిల్లలు పుట్టిన మొదటి వారంలోనే కొక్కెర తెగులుకి లసోటా టీకా చుక్క కంట్లో వేయించండి. ఒక సీసా తెరిస్తే కొద్ది గంటల్లో వాడేయాలి, పది పిల్లలకి ఒక సీసా దండగ కాబట్టి వీధిలో కోళ్లున్న వాళ్లందరూ కలిసి ఒకే రోజు వేయించుకోండి. రెండు నెలలకి అదే తెగులుకి ఆర్‌టూబీ టీకా. ఇది వదిలేస్తే పైన చెప్పిందంతా వృథా.

ఎర్ర పెట్టని ఇప్పటికిప్పుడు కూర్చోబెట్టాలా అంటే, అది ఎన్నాళ్లుగా వట్టి గడ్డి మీద ఉందో చూసుకోండి. రొమ్ము ఎముక చేతికి కత్తిలా తగులుతుంటే ఈ విడత వద్దు. గాలి గూట్లో పెట్టి లేపి, నెల రోజులు బాగా మేపండి, వచ్చే విడత గుడ్లతో అది తనే కూర్చుంటుంది. ఈలోగా మిగతా రెండింటిలో కండ ఉన్నదాని కింద పది గుడ్లు పెట్టండి. రొమ్ము నిండుగానే ఉంటే ఎర్రదానికే పెట్టి, ఆ రెండింటినీ లేపేయండి. పిల్లలతో దిగాక మళ్లీ వెంటనే పొదగనివ్వొద్దు, ఏడాదికి రెండు విడతలు దానికి చాలు. పిల్లలకి ఆరేడు వారాలు వచ్చి ఈకలు కట్టాక వేరు చేసేస్తే పెట్ట తొందరగా గుడ్డుకి వస్తుంది.

ఇంత చెప్పినా అమ్మాలనే ఉంటే, పొదుగు మీద ఉండగా మాత్రం సంతకి తీసుకెళ్లకండి. సరిగా బరువు తూగదు, చేతిలోకి తీసుకోగానే బేరగాడికి సంగతి తెలిసిపోతుంది.